అద్దం మీది మసక

అతని పని పైన ఉంటుంది, టవర్ క్రేన్ కేబిన్‌లో. ఒక కుర్చీ, రెండు మీటలు, మూడు వైపులా అద్దం, పాదాల కింద కూడా అద్దం. అక్కణ్ణించి మనుషులు తలలుగా, భుజాలుగా మాత్రమే కనిపిస్తారు. పొద్దున్నే నిచ్చెన ఎక్కుతాడు. భోజనానికి దిగుతాడు. మళ్ళీ ఎక్కితే ఇక సాయంత్రానికే దిగడం.

సైట్‌లో అందరూ అతన్ని గద్ద అంటారు. అంత ఎత్తు నుంచి ఇనుప చువ్వల కట్టని దించి, మేస్త్రీ సుద్దముక్కతో గీసిన గీత మీద ఆనించగలడు. కట్ట నేలని తాకినప్పుడు చప్పుడు రాదు. కింద ఉన్నవాళ్ళు అది చూసి ఏమీ అనరు. అనకపోవడమే మెప్పు.

కింద నిలబడి సైగలు చేసేది అతని బావమరిది, భార్యకి తమ్ముడు. ఇద్దరి దగ్గరా వాకీటాకీలు ఉంటాయి, కానీ వాడరు. వాకీటాకీలో సైట్ మొత్తం ఒకేసారి మాట్లాడుతుంది. చేతులతో అయితే ఒక్కడే మాట్లాడతాడు. అరచెయ్యి కిందికి ఊపితే దించమని. వేలు పైకి తిప్పితే ఎత్తమని. పిడికిలి బిగిస్తే ఆగమని.

క్రేన్ నడిపేవాళ్ళకి ఒక అలవాటుంది. పని వేళల్లో నీళ్ళు తాగరు. పైన మరుగుదొడ్డి ఉండదు. దిగి ఎక్కేలోపు క్రేన్ ఆగిపోతుంది, క్రేన్ ఆగితే సైట్ ఆగిపోతుంది, అందరూ తలెత్తి ఖాళీ కేబిన్ వైపు చూస్తారు. అందుకని పొద్దున ఒక టీ, అంతే. తప్పనిసరైతే ఒక ఖాళీ సీసా. పక్క క్రేన్ నడిపే పెద్దాయన్ని ఒంటె అంటారు. పొద్దున ఎక్కితే చీకటి పడేదాకా చుక్క ముట్టడు. ఆ పేరు ఆయనకి బిరుదుతో సమానం. గద్దకి పని నేర్పింది ఆయనే. మొదటిరోజు మీటల సంగతి ఎత్తలేదు.

"ముందు నీ ఉచ్చ నీ అదుపులో ఉండాలి రా. ఆ తర్వాతే క్రేన్," అన్నాడు.

ఆ వేసవిలో గద్దకి దాహం పట్టుకుంది.

మొదట ఎండ అనుకున్నాడు. అద్దాల పెట్టెలో కూర్చునేవాడికి ఎండ కొత్త కాదు, అయినా ఎండే అనుకున్నాడు. నాలుక అంగిలికి అంటుకునేది. పెద్ద సీసాతో నీళ్ళు తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. నీళ్ళతో తీరడం లేదని నారింజరంగు కూల్‌డ్రింకు తీసుకెళ్ళాడు. తాగిన కాసేపు బాగుండేది. తర్వాత దాహం ఇంకా ఎక్కువయ్యేది. ఖాళీ సీసా ఒకటి చాలేది కాదు, రెండో సీసా వచ్చింది. ఇంట్లో కూడా నిద్రలోంచి మాటిమాటికీ లేచేవాడు.

అతనికి తోచిన లెక్క ఒకటే. తాగుతున్నాను కాబట్టి పోస్తున్నాను. తాగడం మానేస్తే పోయడమూ ఆగుతుంది. మానేశాడు. పెదాలు పగిలాయి. సీసాలు మాత్రం నిండుతూనే ఉన్నాయి. అది ఎలా కుదురుతుందో అతనికి అర్థం కాలేదు. అర్థం కాని దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

సన్నబడ్డాడు. నిచ్చెన ఎక్కి దిగేవాడికి కొవ్వెక్కడుంటుంది అన్నాడు. నిచ్చెన మెట్టు గీరుకుని మోకాలి కింద చిన్న దెబ్బ తగిలింది. పైన పొర కట్టేది, చెమటకి ఊడేది, మళ్ళీ తడిసేది. నెల దాటినా మానలేదు. పని వల్ల అన్నాడు. సాయంత్రం దిగేసరికి ఒళ్ళు ఇసుక బస్తాలా ఉండేది. వయసన్నాడు. వచ్చిన ప్రతిదానికీ అతని దగ్గర ఒక జవాబుంది. జవాబులన్నీ వేరువేరుగా బాగానే ఉన్నాయి.

అతని భార్య లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. రోజంతా పరాయి చొక్కాలు. ఒక ఆదివారం మొగుడి చొక్కా గుండీ పెట్టి చూసి, కాలర్‌లో రెండు వేళ్ళు దూర్చింది. తర్వాత నాలుగు వేళ్ళు దూర్చింది.

"ఇందులో ఇంకో మెడ పడుతుందయ్యా," అంది.

"మంచిదేగా. కుర్రాణ్ణి అవుతున్నా."

"కుర్రాళ్ళు అన్నం తింటూ కునికిపాట్లు పడరు."

ఆ వారంలోనే బావమరిది భోజనానికి వచ్చాడు. కూర్చుంటూనే నవ్వాడు.

"అక్కా, మా బావ సీసా ఖాళీ చేసే చోట, కంచె పక్కన, చీమలు బారులు తీరుతున్నాయి. మిగతావాళ్ళు పోసిన చోట ఒక్కటీ లేదు. సైట్‌లో ఒకటే నవ్వులు. గద్ద ఉచ్చ పానకం అంటున్నారు."

గద్ద కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. చేతిలో గరిటె అలాగే ఉంది.

"మీ అమ్మకి ఉండేది షుగరే కదా," అంది.

"మా అమ్మ ఎంత లావుండేది? మంచం దిగేది కాదు. నేను చూడు, ఎలా ఎండిపోయానో. షుగర్ ఉన్నవాళ్ళు ఊరుతారు గానీ ఎండుతారా? పైగా నేను తీపి ముట్టను."

"ఆ నారింజ సీసాలు ఏంటి మరి? కషాయమా?"

"అది దాహానికి."

"రేపు పరీక్ష చేయించుకో."

అతను పళ్ళెం పక్కకి జరిపాడు. గొంతు తగ్గించాడు. "అక్కర్లేదు. తేలిందంటే కేబిన్ తాళం లాక్కుంటారు. పాత సైట్‌లో ఒకాయన బీపీ అని చెప్పుకున్నాడు. ఇప్పుడు గేటు దగ్గర లారీ నంబర్లు చదువుతున్నాడు. నాకు వచ్చింది ఆ ఒక్క పనే."

బావమరిది నవ్వు ఆపేసి అక్క వైపు చూశాడు. ఆమె ఊరుకుందంటే మాట అక్కడితో ముగిసినట్టు కాదని ఇద్దరికీ తెలుసు.

తర్వాత అద్దం మసకబారింది.

పొద్దున కేబిన్‌లో కూర్చోగానే, అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు ఉండేది. సిమెంటు దుమ్ము అనుకున్నాడు. పాత బనియను గుడ్డతో తుడిచాడు. మర్నాడు సబ్బునీళ్ళు తీసుకెళ్ళాడు. లోపలివైపు తుడిచాడు. నడుముకి బెల్టు కట్టుకుని, కేబిన్ బయటి అరుగు మీద నిలబడి బయటివైపు తుడిచాడు. సైట్ మొత్తంలో అంత శుభ్రమైన అద్దం లేదు. మసక అలాగే ఉంది.

అప్పుడు తన కళ్ళని అనుమానించాడు. అనుమానించినా సగమే. వీధిలో కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి ఒక జత కొన్నాడు. లోకం తేటపడింది. సంతోషించాడు. కొన్నాళ్ళకి అవే అద్దాలు మళ్ళీ మసకయ్యాయి. ఇంకో పవరుతో ఇంకో జత కొన్నాడు. జేబులో రెండు జతలు పెట్టుకుని ఎక్కేవాడు. పొద్దున ఒకటి పనికొచ్చేది, భోజనమయ్యాక రెండోది. ఇదేదో తేడాగా ఉందని అతనికి తెలుసు. తెలిసినా మీట మీద చెయ్యి తీయలేదు.

ఆ రోజు పై స్లాబుకి ఇనుప చువ్వల కట్ట వెళుతోంది. బావమరిది స్లాబు అంచున నిలబడి అరచెయ్యి కిందికి ఊపాడు. గద్ద దించాడు. ఇంకా ఊపాడు. ఇంకా దించాడు. అంతలో సెంట్రింగ్ చెక్కలు బిగించే పనివాడొకడు జారిపోయిన సుత్తి కోసం కట్ట కిందికి వంగాడు. బావమరిది పిడికిలి బిగించాడు.

పైనుంచి అది చెయ్యి అని తెలుస్తోంది. మూసి ఉందో తెరిచి ఉందో తెలియడం లేదు. గద్ద దించుతూనే ఉన్నాడు.

"ఆపు! బావా, ఆపు!" వాకీటాకీ అరిచింది.

ఆపాడు. అంత బరువు ఒక్కసారిగా ఆగేసరికి కట్ట ఊగింది. బావమరిది ఆ మనిషి చొక్కా దొరకబుచ్చుకుని లాగేశాడు. చువ్వల కొస వచ్చి, అతను వంగిన చోట చెక్కని రెండుగా చీల్చింది.

ఎవరికీ ఏమీ కాలేదు. సెంట్రింగ్ మనిషి చీలిన చెక్కని చూస్తూ కూర్చుండిపోయాడు. సుత్తి ఇంకా అక్కడే ఉంది.

మేనేజరు పరుగున వచ్చాడు. వాకీటాకీలో అతని గొంతూ, బావమరిది గొంతూ పైకి వినిపించాయి.

"ఏమైంది?"

"గాలి సార్. ఒక్కసారిగా ఊపేసింది."

"గాలా?"

"అవును సార్. పైన అలాగే ఉంటుంది."

గద్ద కిటికీలోంచి చూశాడు. క్రేన్ కొసన కట్టిన ఎర్రగుడ్డ కదలకుండా వేలాడుతోంది. మేనేజరు ఒప్పుకున్నాడు. పని మొదలుపెట్టమన్నాడు. ఇక చెయ్యాల్సిందల్లా మీట పట్టుకోవడం. బావమరిది అబద్ధం అతని కోసమే, అక్క కోసం కూడా. మధ్యాహ్నం వరకూ ఎత్తాల్సిన కట్టలు ఇంకా ఉన్నాయి. స్లాబు మీద మనుషులు ఉన్నారు. బావమరిది అంచునే నిలబడి ఉన్నాడు, చెయ్యి పైకెత్తి. అది ఏ సైగో గద్దకి తెలియలేదు.

కట్టని మెల్లగా ఖాళీ నేల మీద దించాడు. కొక్కెం పైకి లాగాడు. పని ముగిసే వేళ చేసినట్టే, క్రేన్ చెయ్యిని గాలి ఎటు తోస్తే అటు తిరిగేలా వదిలేశాడు. మీటలు బిగించాడు. కేబిన్‌కి తాళం వేశాడు. పని మధ్యలో నిచ్చెన దిగడం అతనికి అదే మొదటిసారి.

కింద మేనేజరు ఎదురొచ్చాడు. "ఏంటి, దిగావు?"

"గాలి కాదు సార్. నాకు పిడికిలి కనపడలేదు."

"బావా, నోరు మూసుకో," అన్నాడు బావమరిది పళ్ళ మధ్య నుంచి.

"గాలి అని పైవాళ్ళకి చెప్పేశాను కదయ్యా," అన్నాడు మేనేజరు.

"కాదని చెప్పండి. నా కళ్ళు బాగాలేవు. చాలారోజుల నుంచి బాగాలేవు." తాళం చెవి అతని చేతిలో పెట్టాడు. "మనిషి పోయేవాడు సార్."

మేనేజరుకి కోపం రావాలి. ఏ వైపు నుంచి రావాలో తెలియక తాళం చెవి వైపు చూస్తూ నిలబడ్డాడు.

గేటు దాటుతుంటే వెనక నుంచి ఎవరో అన్నారు, "గద్దకి చత్వారం రా." ఎవరన్నారో చూడటానికి గద్ద వెనక్కి తిరగలేదు.

నేరుగా లాండ్రీకి వెళ్ళాడు. పని వేళలో మొగుడు గుమ్మంలో కనిపించేసరికి ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది.

"పద," అన్నాడు.

ఆమె చెప్పులు వేసుకుంది.

ఆసుపత్రిలో నర్సు అతని వేలు పొడిచి చుక్క తీసింది. మీటరు మీద అంకె చూసి, చెయ్యి కడుక్కు రమ్మని చెప్పి, ఇంకో వేలు పొడిచింది. రెండోసారి కూడా మీటరు అదే చెప్పిందని ఆమె మొహం చూస్తే తెలిసింది. పెద్ద పరీక్షకి రక్తం, మూత్రం తీసుకుని లోపలికి పంపించింది.

డాక్టరమ్మ వయసులో చిన్నది. తొందర లేదు.

"దాహం ఎక్కువగా ఉందా?"

"ఉంది."

"మూత్రానికి ఎక్కువసార్లు వెళ్తున్నారా? నిద్రలో కూడా?"

"వెళ్తున్నాను."

"బరువు తగ్గారా? నీరసం? దెబ్బ తగిలితే మానడం లేదా? చూపు ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఉంటోందా?"

గద్ద భార్య వైపు చూశాడు. ఈ డాక్టరమ్మకి ముందే ఎవరో చెప్పి ఉండాలి. భార్య తల అడ్డంగా ఊపింది.

"ఎవరూ చెప్పలేదు," అంది డాక్టరమ్మ. "ఈ జబ్బు ఇలాగే చెప్పుకుంటుంది. మీకు షుగర్ ఉంది. చాలా ఎక్కువగా ఉంది."

అతను అమ్మ సంగతి చెప్పాడు. తను లావు కాదన్నాడు. ఆమె విన్నది.

"లావుగా ఉన్నవాళ్ళకి వస్తుంది, లేనివాళ్ళకీ వస్తుంది. తిన్నది ఒంటికి అందకపోతే మనిషి చిక్కిపోతాడు. మీరు చిక్కడమే గుర్తు. అమ్మకి ఉందంటే మీరు ముందే చూపించుకోవాల్సింది."

"నీళ్ళు మానేశానమ్మా. అయినా తగ్గలేదు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మానేశారా? తాగడం వల్ల వచ్చే ఉచ్చ కాదండీ అది. రక్తంలో చక్కెర ఎక్కువైతే ఒళ్ళు దాన్ని మూత్రంలో బయటికి తోస్తుంది. దానితోపాటు నీళ్ళూ పోతాయి. అందుకే దాహం. మీరు నీళ్ళు కూడా మానేస్తే ఒళ్ళు ఎండిపోతుంది. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే ఆ కేబిన్‌లోనే స్పృహ తప్పేవారు."

గద్ద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. స్పృహ తప్పిన చెయ్యి మీట మీద ఎటు వాలుతుందో అతనికి తెలుసు.

"అద్దాలు కొన్నాను. రెండు జతలు."

"మూడోది కొనకండి. చక్కెర ఎక్కువైనప్పుడు కంటిలోపలి కటకం నీరు పట్టి ఉబ్బుతుంది. తగ్గితే మామూలవుతుంది. అది కుదురుకునేదాకా ఏ అద్దం కుదరదు. కంటి వెనక పొర ఎలా ఉందో మాత్రం ఈరోజే చూడాలి."

"బాగు చేయించుకుంటాను. మళ్ళీ ఎక్కగలనా?"

"ఇప్పుడు చెప్పలేను," అంది. "మూడు నెలల చక్కెరని ఒకేసారి చూపించే పరీక్ష ఒకటుంది. అది మూడు నెలలయ్యాక చేస్తాం, అప్పుడు రండి. ఈలోగా మాత్రలు తప్పకూడదు, భోజనం వేళ తప్పకూడదు. ఎక్కడం మాత్రం వద్దు."

భార్య అప్పుడు నోరు తెరిచింది. "తప్పనివ్వను," అంది.

కంటి వెనక పొర బాగానే ఉందని సాయంత్రం చెప్పారు. గద్ద ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు.

సైట్‌లో అతన్ని కింద పెట్టారు. వైరు తాళ్ళు తనిఖీ చెయ్యడం, కొక్కేలకి గ్రీజు పెట్టడం. గద్ద కోడయింది అన్నారు. కోడి గుడ్లు పెడుతుంది, గద్ద పెడితే ఎవరు తింటారు అన్నాడు. వాళ్ళు నవ్వారు. తర్వాత ఆ మాట పాతబడింది.

కొత్త క్రమం ఒకటి మొదలైంది. పొద్దున మాత్ర. సగం పళ్ళెం కూర, పావు పళ్ళెం అన్నం. రెండోసారి వడ్డించమని చెయ్యి చాస్తే భార్య గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయేది. నారింజ సీసాలు పోయాయి. నీళ్ళు మాత్రం దాహమేసినప్పుడల్లా తాగాడు. తిన్నాక కంచె వెంట నడక. వాన పడితే స్లాబు కింద నడక. రోజూ పడుకోబోయే ముందు పాదాలు చూసుకునేవాడు, అరికాలి కింద చేతి అద్దం పెట్టి, వేళ్ళ సందులు విడదీసి. వైరు తాడులో తెగిన పోగు కోసం ఎలా వెతుకుతాడో అలాగే. మోకాలి కింది దెబ్బ నెమ్మదిగా మూసుకుంది. చాలారోజులు దాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు.

కష్టంగా లేదా అని బావమరిది అడిగాడు.

"ఉంది."

"మరి?"

"నువ్వు అంచున నిలబడతావు కదా," అన్నాడు గద్ద.

ఒక పొద్దున వైరు తాడు చుట్ట పక్కన పెట్టి తలెత్తాడు. క్రేన్ చెయ్యి మీద, ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తవచ్చో చెప్పే పలకలు ఉంటాయి. మొదటి పలక చదివాడు. రెండోది చదివాడు. చిట్టచివరి పలక కూడా చదివాడు. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి అదే చోట నిలబడి చదివాడు. మబ్బు పట్టిన రోజూ, ఎండ రోజూ, తిన్నాక, తినక ముందు చదివాడు. ఏ వేళ చూసినా అంకెలు అవే. రెండు జతల కళ్ళజోళ్ళు సొరుగులో ఉండిపోయాయి.

మూడు నెలల పరీక్ష బాగా వచ్చింది. కళ్ళూ మళ్ళీ చూశారు. ఇచ్చిన మాత్రలతో చక్కెర మరీ పడిపోయే భయం పెద్దగా లేదని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కవచ్చని రాసింది, కొన్ని షరతులతో. నీళ్ళు తాగాలి. మూత్రం వస్తే ఆపుకోకూడదు. చూపు ఏమాత్రం తేడాగా అనిపించినా ఆ క్షణమే దిగాలి. "ఇది పోయే జబ్బు కాదు," అంది. "మీరు ఊరుకుంటే అది ఊరుకోదు."

మేనేజరు ఆ కాగితం చదివి తాళం చెవి బల్ల మీద పెట్టాడు. గద్ద తీసుకోలేదు.

"భోజనానికి ముందొకసారి, తర్వాతొకసారి దిగుతాను సార్. క్రేన్ కింద మరుగుదొడ్డి కావాలి. నాకొక్కడికే కాదు, క్రేన్లు ఎక్కేవాళ్ళందరికీ."

"నీ ఉచ్చ కోసం సైట్ ఆపాలా?"

"అవును సార్."

"ఆపకపోతే?"

"ఎక్కను."

"ఎక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు."

"ఉన్నారు. వాళ్ళూ నీళ్ళు మానేసే ఎక్కుతున్నారు. వాళ్ళలో ఎవరికి ఏముందో వాళ్ళకే తెలియదు. నాకూ తెలియలేదు. మీకూ గాలి అనే తెలిసింది."

మేనేజరు ఆలోచించి చెబుతానన్నాడు. గద్ద బయటికొచ్చి మళ్ళీ వైరు తాళ్ళ దగ్గర కూర్చున్నాడు. భోజనాల వేళ ఒంటె వచ్చి నిలబడ్డాడు.

"ఏరా, నేను నేర్పిన అదుపు ఏమైంది?"

"అది తప్పుగా నేర్పారు గురువుగారూ."

ఒంటె అక్కణ్ణించి కదల్లేదు. నీళ్ళ కుండ వైపు చూశాడు, చేతులు వెనక కట్టుకున్నాడు. ఎటో చూస్తూ అడిగాడు.

"ఆ వేలు పొడిస్తే బాగా నొప్పెడుతుందా?"

"చీమ కుట్టినంత."

"ఊ," అన్నాడు. ఒక చెంబుడు నీళ్ళు ముంచుకుని, నిలబడే మొత్తం తాగేశాడు. తర్వాత మేనేజరు గది వైపు నడిచాడు. లోపల ఏమన్నాడో తెలియదు. క్రేన్ ఎక్కే మిగతా ఇద్దరూ కూడా ఆ సాయంత్రం ఆ గదిలోకి వెళ్ళొచ్చారు.

గద్ద తాళం చెవి తీసుకోకుండా ఇంకో వారం గ్రీజు పెట్టాడు. అతను దిగినప్పటి నుంచీ ఆ క్రేన్‌ని బయటి నుంచి తెచ్చిన మనిషే నడుపుతున్నాడు. ఆ మనిషి కట్టలు దింపినప్పుడు చప్పుడయ్యేది. గద్ద తల తిప్పి చూసేవాడు, మళ్ళీ తాడు పట్టుకునేవాడు. భార్య అడిగింది, "ఒప్పుకోకపోతే?"

"లారీ నంబర్లు చదువుతాను. ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి."

రెండో వారంలో లారీ మీద నీలంరంగు ప్లాస్టిక్ మరుగుదొడ్లు వచ్చాయి. దింపించుకోవడానికి క్రేన్ కావాల్సొచ్చింది. మేనేజరు తాళం చెవి తెచ్చి ఇచ్చాడు. గద్ద ఎక్కాడు. బావమరిది కింద నిలబడ్డాడు. అతని అయిదు వేళ్ళూ విడివిడిగా కనిపించాయి.

మర్నాడు కాంక్రీటు పని. కలిపిన కాంక్రీటు గట్టిపడేలోపు ఎక్కించాలి, లారీలు గేటు బయట వరసగా నిలబడతాయి, ఎవరికీ ఊపిరాడదు. బకెట్ తర్వాత బకెట్ వెళ్ళింది. భోజనానికి ముందు, దిగుతానని చెప్పిన వేళకి, గద్ద ఖాళీ బకెట్‌ని నేల మీద పెట్టి వాకీటాకీ నొక్కాడు.

"దిగుతున్నాను."

"ఇప్పుడా?" మేనేజరు గొంతు. "లారీ నిలబడి ఉందయ్యా! ఇంకో రెండు బకెట్లు కానివ్వు."

"ఇప్పుడే సార్."

వాకీటాకీలో సైట్ మొత్తం ఒకేసారి మాట్లాడింది. ఎవరో తిట్టారు. ఎవరో నవ్వారు. గద్ద తాళం వేసి నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఎప్పుడూ దిగే వేగంతోనే దిగాడు. చెయ్యాల్సిన పని చేసుకున్నాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, కడుపు నిండా నీళ్ళు తాగాడు. మళ్ళీ ఎక్కాడు. కుర్చీలో కూర్చుని, ఆయాసం తీరేదాకా ఆగి, కిందికి చూశాడు. బకెట్ పట్టీ, లారీ గొట్టం, బావమరిది చెయ్యి, అన్నీ వాటి వాటి అంచులతో ఉన్నాయి.

వాకీటాకీ నొక్కాడు.

"ఇప్పుడు నింపండి," అన్నాడు.